గిటారు పట్టిన ప్రార్థన

‘టైటానిక్’ చూడనివాళ్లు మనలో ఎంతమంది వుంటారు చెప్పండి? 1997లో వచ్చిన ఆ సినిమాని ఓడ మునగడం కోసం చూసినవాళ్లు కొందరు. ప్రేమకథ కోసం చూసినవాళ్లు కొందరు. నాలాంటి పాటల పిచ్చివాళ్లు మాత్రం హాల్లోంచి బయటికొచ్చాక కూడా అందులోని ఒక వాయిద్యాన్ని చెవుల్లోంచి వదిలించుకోలేకపోయారు. అది వేణువు కాదు. సన్నాయీ కాదు. సన్నాయి గొంతు తగ్గించి, తనలో తాను ఏడ్చుకుంటే ఎలా వుంటుందో అలా వుంటుంది. అంతకు రెండేళ్ల ముందు, 1995లో, ‘బ్రేవ్‌హార్ట్’లోనూ అదే గొంతు వినిపించింది. రెండు సినిమాలకూ సంగీతం జేమ్స్ హార్నర్. రెండింటిలోనూ ఆ వాయిద్యం వాయించినవాడు ఎరిక్ రిగ్లర్. దాని పేరు ఇలియన్ పైప్స్. పుట్టిల్లు ఐర్లండ్.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ సినిమాల గురించి కాదు. ఆ వాయిద్యాన్ని తీసుకొచ్చి ఎలక్ట్రిక్ గిటారు పక్కన నిలబెట్టి, వెనకాల డ్రమ్స్ మోగించి, పైగా దానిచేత ప్రార్థన చేయించిన ఒక బృందం గురించి. బృందం పేరు ‘అయోనా’. 1989లో మొదలై 2016లో కచేరీల దుకాణం కట్టేసింది. మనవాళ్లలో ఈ పేరు విన్నవాళ్లు తక్కువే. రాక్ సంగీతమేమిటి, ప్రార్థనేమిటి అని ముక్కు మీద వేలేసుకోకండి. చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి.

కొలిమి తిత్తి కాని తిత్తి

ముందు ఆ వాయిద్యం సంగతి చూద్దాం. రిపబ్లిక్ డే పరేడ్‌లో సైనికుల బ్యాండు వాయించే బ్యాగ్‌పైపు మీకు తెలుసు. అది స్కాట్లండ్ రకం. నోటితో వూదాలి, చెవులు గింగురుమనాలి. యుద్ధానికీ కవాతుకీ పనికొచ్చేది. ఇలియన్ పైప్స్ అలా కాదు. దీన్ని నోటితో వూదరు. ఒక మోచేతి కింద చిన్న తిత్తి వుంటుంది. కొలిమి దగ్గర తిత్తి కొట్టినట్టు మోచేత్తో దాన్ని కొడుతూ, రెండో చంక కింద వున్న సంచీలోకి గాలి నింపాలి. ఐరిష్ భాషలో ‘ఇలియన్’ అన్న మాటకి మూలం మోచెయ్యే. సన్నాయికి వున్నట్టే దీనికీ రెల్లుతో చేసిన పీక వుంటుంది గాని, అది లోపల దాక్కుని వుంటుంది. పెదవి తగలదు. నిలబడి కాదు, కూర్చుని వాయించాలి. రెండు స్థాయిల దాకా పలుకుతుంది. పక్కనే శ్రుతి గొట్టాలు ఆగకుండా మోగుతూ వుంటాయి.

ఆ శ్రుతి దగ్గరే మన చెవికీ దానికీ చుట్టరికం కలుస్తుంది. మన పల్లె కళాకారులు శ్రుతి కోసం మేకతోలు తిత్తి వూదేవారు గుర్తుందా? పేరు కూడా తిత్తే. దాని పని అంతా ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడటం. పాట ఎక్కడికెళ్లినా తిరిగి వాలడానికి ఒక కొమ్మ వుండాలిగా! తంబురా చేసేదీ అదే. ఐర్లండ్ పాత బాణీలన్నీ అలాంటి కొమ్మ మీదే కూర్చుంటాయి. పాశ్చాత్య సంగీతం అనగానే మనవాళ్లకి గుర్తొచ్చే గందరగోళం వాటిలో వుండదు. ఆ బాణీల్లో కొన్ని డోరియన్, మిక్సోలిడియన్ అనే రెండు స్వరక్రమాల్లో నడుస్తాయి. పేర్లు చూసి కంగారు పడకండి. స్వరాలు లెక్కపెట్టి చూస్తే మొదటిది మన ఖరహరప్రియ, రెండోది మన హరికాంభోజి. గమకాలు మనవి కావు, నడకా మనది కాదు. ఆ మెట్లు మాత్రం మన ఇంటి మెట్లే.

ఒక కాలంలో ఈ పైప్స్ వాయించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారు. 1968లో వాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకుని, నేర్పడం మొదలెట్టాక వాయిద్యం మళ్లీ వూపిరి పోసుకుంది. 2017లో యునెస్కో కూడా ఈ కళని తన జాబితాలో చేర్చుకుంది. అలా బతికి బట్టకట్టిన వాయిద్యం చివరికి రాక్ బృందంలో తేలింది.

ఇంటర్లూడే పాటైతే...

ఇక రాక్ సంగతి. మన సినిమా పాటకి ఒక కట్టడి వుందని మీకు తెలుసు. పల్లవి, మధ్యలో ఇంటర్లూడ్, చరణం, మళ్లీ ఇంటర్లూడ్, మళ్లీ చరణం. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు, మహా అయితే అయిదు. దీనికి కారణం సంగీతం కాదు, పళ్లెం! పాత 78 రికార్డులో ఒక్కో వైపు మూడున్నర నిమిషాలకి మించి పట్టేది కాదు. పాట దానికి సరిపోయేటట్టు కుదించుకుంది. తరువాత ఎల్.పి. రికార్డులొచ్చాయి. ఒక వైపు ఇరవై నిమిషాల పైన పట్టేవి. పళ్లెం పెద్దదైనా వడ్డన మాత్రం పాత లెక్కలోనే సాగింది.

1960ల చివర ఇంగ్లండ్‌లో కొందరు కుర్రాళ్లకి ఇది నచ్చలేదు. పళ్లెం నిండా ఒకే పాట ఎందుకు వుండకూడదు అన్నారు. 1969లో ‘కింగ్ క్రిమ్‌జన్’ దారి తీసింది. 1972లో ‘యెస్’ బృందం రికార్డు ఒక వైపంతా ఒకే పాటతో నింపింది. అదే ఏడు ‘జెత్రో టల్’ వాళ్లు రెండు వైపులకీ కలిపి ఒకటే పాట చేసి కూర్చున్నారు. ఈ ధోరణికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. సులువుగా చెప్పాలంటే, మన సినిమా పాటలో ఇంటర్లూడ్‌కి స్వాతంత్ర్యమొస్తే ఎలా వుంటుందో అది ప్రోగ్రెసివ్ రాక్. పల్లవి ఎప్పుడొస్తుందో తెలియదు. అసలు వస్తుందో రాదో తెలియదు. వాయిద్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కథ చెబుతాయి. మన కచేరీలో ఆలాపన విన్నవాడికి ఇది కొత్త కాదు. రాగం తీరిగ్గా విచ్చుకునే దాకా కూర్చోగలిగినవాడు దీన్నీ వినగలడు.

అదే రోజుల్లో ఐర్లండ్‌లో ‘హార్స్‌లిప్స్’ అనే బృందం తమ పురాణకథలని రాక్ బాణీలో కట్టింది. 1973లో వచ్చిన ‘ది టాయిన్’ అలాంటిదే. వాళ్ల వస్తువు పాత వీరగాథలు. ‘అయోనా’ వాళ్లు ఎత్తుకున్నది అది కాదు. పాత సన్యాసుల బతుకు, వాళ్ల ప్రార్థన, వాళ్ల సముద్రయానం.

ఒక పుస్తకం తెచ్చిన తగాదా

అయోనా అనేది అసలు ఒక దీవి. స్కాట్లండ్ పడమటి తీరాన మల్ అనే పెద్ద దీవికి ఆనుకున్నట్టుగా, ఆరు కిలోమీటర్ల పొడవూ రెండు కిలోమీటర్ల వెడల్పూ వుంటుంది. కాపురముండేవాళ్లు రెండు వందల లోపే. క్రీస్తుశకం 563లో ఐర్లండ్ నుంచి కొలంబా అనే సన్యాసి పన్నెండుమంది సహచరులతో పడవెక్కి ఇక్కడ దిగాడు. 597లో ఇక్కడే కన్నుమూశాడు. ఆ మధ్య ముప్ఫై నాలుగేళ్లలో ఈ చిన్న దీవి ఆ ప్రాంతానికంతటికీ చదువుల ఇల్లుగా, మఠంగా తయారయింది.

ఆయన సొంతవూరు వదిలి ఎందుకొచ్చాడన్నదానికి ఒక ఐతిహ్యం వుంది. సినిమా కథకి ఏమాత్రం తీసిపోదు, వినండి. కొలంబా తన గురువు దగ్గరున్న కీర్తనల పుస్తకాన్ని రాత్రిళ్లు రహస్యంగా కాపీ రాసుకున్నాడట. గురువు కనిపెట్టి, కాపీ కూడా నాదే ఇమ్మన్నాడు. తగువు రాజు దగ్గరికెళ్లింది. ఆవు ఎవరిదో దూడ కూడా వాళ్లదే, పుస్తకం ఎవరిదో కాపీ కూడా వాళ్లదే అన్న అర్థం వచ్చేలా రాజు తీర్పు చెప్పాడు. మాటా మాటా పెరిగి యుద్ధం దాకా పోయింది. మనుషులు చచ్చారు. ఆ పాపం కడుక్కోడానికే కొలంబా దేశం విడిచి, సొంతగడ్డ కంటికి కనబడని చోటు దాకా పోయాడని చెబుతారు. కాపీరైటు గొడవలు ఈనాటివే అనుకునే మన సినిమావాళ్లు ఈ కథ తప్పక వినాలి!

ఈ దీవి కథ కొలంబాతో ముగియలేదు. 795 నుంచి వైకింగ్ దొంగలు మళ్లీ మళ్లీ వచ్చి పడ్డారు. 806లో జరిగిన దాడిలో 68 మంది చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది ఐర్లండ్‌లోని కెల్స్‌కి తరలిపోయారు. శతాబ్దాలు గడిచి, తరువాత కట్టిన మఠం కూడా పాడుబడిపోయింది. 1938లో జార్జి మెక్‌లౌడ్ అనే పాదిరీ గ్లాస్గో నుంచి పని దొరకని మేస్త్రీలనీ, చదువు ముగించుకున్న కుర్ర పాదిరీలనీ కలిపి తీసుకొచ్చి, దాన్ని మళ్లీ కట్టించడానికి నడుం కట్టాడు. రాయి మోసినవాడూ ప్రార్థన చెప్పినవాడూ ఒకే పంక్తిలో భోంచేశారు. ఆ సమాజం ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ల గుర్తు అడవి బాతు. పరిశుద్ధాత్మకి గుర్తుగా పావురాన్ని గీసేవాళ్లే గాని బాతుని గీసేవాళ్లు అరుదు. పెంచితే పెరిగేది కాదు, పిలిస్తే పలికేది కాదు, తనిష్టం వచ్చినప్పుడు ఎగిరొచ్చి వాలుతుందని వాళ్ల భావన.

1989లో డేవ్ బెయిన్‌బ్రిడ్జ్, డేవిడ్ ఫిట్జ్‌జెరాల్డ్, జోన్ హాగ్ అనే ముగ్గురు కలిసి బృందం కట్టుకున్నప్పుడు, దానికి ఈ దీవి పేరే పెట్టుకున్నారు. బెయిన్‌బ్రిడ్జ్‌ది గిటారు, కీబోర్డులు. ఫిట్జ్‌జెరాల్డ్‌ది సాక్సఫోను, వేణువులు. ఉత్తర ఐర్లండ్ అమ్మాయి జోన్ హాగ్‌ది గొంతు. 1990లో మొదటి ఆల్బమ్ వచ్చింది. దాని పేరూ ‘అయోనా’యే. అందులో ఒక పాట పేరు ‘అడవి బాతు ఎగిరిపోవడం’ అని అర్థమొచ్చేలా వుంటుంది. ఆ బాతు ఏ బాతో ఇప్పుడు మీకు నేను చెప్పక్కర్లేదు.

బొమ్మకి బాణీ కట్టారు

1992లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘ది బుక్ ఆఫ్ కెల్స్’ దగ్గరే నేను వీళ్లకి దాసోహమన్నాను. కెల్స్ పుస్తకం అంటే సుమారు 800 ప్రాంతంలో చేత్తో రాసి, రంగులతో చిత్రించిన నాలుగు సువార్తల ప్రతి. అయోనా దీవిలో మొదలై, దాడుల భయంతో కెల్స్‌కి చేరిందని చాలామంది పండితుల అభిప్రాయం. దూడతోలు మీద రాసిన 680 పేజీలు ఇప్పుడు డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో వున్నాయి. అందులో ఒక పేజీ నిండా క్రీస్తు పేరులోని గ్రీకు అక్షరాలే, తీగలు తీగలుగా అల్లుకుపోయి వుంటాయి. చూస్తూ వుంటే కళ్లు తిరుగుతాయి. ఇంకా దగ్గరగా చూస్తే కింద ఒక మూల పిల్లులూ ఎలకలూ, చేపని కరుచుకున్న నీటికుక్కా కనిపిస్తాయి. అంత పవిత్రమైన పేజీలో ఆ సన్యాసి పిల్లినీ ఎలకనీ ఎందుకు గీశాడు? దేవుడి పేరులో వాటికీ చోటుందని చెప్పడానికేనని నా అభిప్రాయం. కాదు, మఠంలో ఎలకల బాధ ఎక్కువై గీశాడంటే దానికీ నేను ఒప్పుకుంటాను.

ఈ పుస్తకాన్ని పాటగా ఎలా చేస్తారు? మామూలువాళ్లయితే అందులోని వాక్యాలు తీసి బాణీ కట్టేవారు. వీళ్లు బొమ్మలకి బాణీ కట్టారు! నలుగురు సువార్తికులకీ నాలుగు గుర్తులు. మత్తయికి మనిషి, మార్కుకి సింహం, లూకాకి దూడ, యోహానుకి గద్ద. ఆ నాలుగు పేర్లతో నాలుగు రచనలు. అక్షరాల పేజీకి ఒకటి. మాటలు లేని వాయిద్య ఘట్టాలు చాలా వున్నాయి. మన సినిమా భాషలో చెప్పాలంటే, సినిమా లేకుండానే రీరికార్డింగ్ చేసేశారన్నమాట. తెర మీ మనసులో వుండాలి.

1993లో ‘బియాండ్ దీజ్ షోర్స్’ వచ్చింది. ఈసారి వస్తువు బ్రెండన్ అనే ఆరో శతాబ్దపు సన్యాసి చేసిన సముద్రయానం. పశ్చిమాన ఒక పుణ్యభూమి వుందని నమ్మి తోలుపడవలో బయలుదేరి, ఏడేళ్లు తిరిగాడని, దారిలో దీవి అనుకుని తిమింగలం వీపు మీద దిగి పండగ చేసుకున్నాడని పాత కథ. అంతా కట్టుకథే అన్నవాళ్ల నోరు మూయించడానికి టిమ్ సెవరిన్ అనే ఆయన 1976, 77లలో అదే రకం తోలుపడవ కట్టి, ఐర్లండ్ నుంచి అమెరికా ఖండపు తీరం దాకా వెళ్లి చూపించాడు. బ్రెండన్ వెళ్లాడని దానితో రుజువు కాదు గాని, వెళ్లొచ్చునని తేలింది. ఈ ఆల్బమ్‌లో అతిథిగా గిటారు వాయించినవాడెవరో తెలుసా? ఇందాక చెప్పిన ‘కింగ్ క్రిమ్‌జన్’ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్! పెద్దాయన ఆశీర్వదించడానికి వచ్చినట్టే.

తరువాతది ‘జర్నీ ఇంటు ది మార్న్’. 1990ల నడిమి నాటిది. ఆల్బమ్ మొదట ఒక పాత ఐరిష్ ప్రార్థన వస్తుంది, చివర్లో మళ్లీ అదే తిరిగొస్తుంది. ఇంగ్లీషు చర్చిల్లో ‘బీ దౌ మై విజన్’ పేరుతో పాడుకునేది. దీని కథ వినండి. పాత ఐరిష్ పద్యాన్ని మేరీ బైర్న్ 1905లో ఇంగ్లీషులోకి తెస్తే, ఎలెనార్ హల్ 1912లో దాన్ని పాటగా మలిచింది. దానికి తగిలించిన బాణీ మాత్రం చర్చిది కాదు. 1909లో అచ్చయిన పల్లెపాటల సంకలనంలోని ఒక ప్రేమపాటది! మన భజన బృందాలు సినిమా బాణీలో దేవుణ్ణి పిలిస్తే మనం నవ్వుతాం గాని, దేవుడికి బాణీల పట్టింపు ఏ దేశంలోనూ వున్నట్టు లేదు. మన దగ్గరా 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు క్రైస్తవ కీర్తనలని మన రాగతాళాల్లోనే రాశారు కదా. ఏ మట్టిలో మొలిచిన భక్తి ఆ మట్టి గొంతుతోనే పాడుతుంది.

ఆ ఆల్బమ్‌లో అతిథి ‘క్లానడ్’ గాయని మాయ్రా బ్రెనన్. ప్రపంచమంతా విన్న ఎన్యాకి స్వయానా అక్క.

నమ్మితేనే వినాలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. ‘అయోనా’ వాళ్లు తమ విశ్వాసాన్ని ఎక్కడా దాచుకోలేదు. క్రైస్తవులమని చెప్పుకునే పాడారు. మరి ఆ విశ్వాసం లేనివాడు ఈ సంగీతం ఎందుకు వినాలి? నన్ను చాలామంది అడిగారు. త్యాగరాజుని రామభక్తులు మాత్రమే వింటున్నారా అని ఎదురడగొచ్చు గాని, అది తప్పించుకునే సమాధానం. నేను గమనించింది చెబుతాను.

భక్తి పాటలు రెండు రకాలు. ఒక రకం మన భుజం పట్టుకుని కుదిపి, నువ్వూ రా అంటుంది. రెండో రకం తన పని తాను చేసుకుంటూ పోతుంది. మనం పక్కన కూర్చుంటే కాదనదు. ‘అయోనా’ది రెండో రకం. కారణం మాటల్లో లేదు, కాలంలో వుంది. వాళ్ల ‘ఎన్‌సర్క్లింగ్’ అనే రచన పది నిమిషాలు దాటుతుంది. స్కాట్లండ్ దీవుల్లో పాతకాలపు జనం తమ చుట్టూ వేలితో గిరి గీసుకుని, ఆ గిరిలో రక్షణ కోరుకుంటూ ప్రార్థించేవారు. పొయ్యి రాజేసినా, పాలు పితికినా, పడవ దింపినా ఒక ప్రార్థన. అలెగ్జాండర్ కార్మైకేల్ అనే ఆయన వూరూరా తిరిగి వాటిని సేకరించి, 1900లో అచ్చువేయడం మొదలుపెట్టాడు. ‘ఎన్‌సర్క్లింగ్’ అంటే అలా చుట్టి రావడం. పాట కూడా ఆ చుట్టుడు లాగే నడుస్తుంది. తొందర లేదు. ఒక స్వరం వచ్చి నిలబడుతుంది. దాని మీదికి గొంతు వస్తుంది. చాలాసేపటికి గాని డ్రమ్స్ రావు. వచ్చాక ఇక ఆగవు. విన్నవాడు ఏ మతం వాడైనా సరే, ఆ పది నిమిషాలూ ఓపికగా కూర్చున్నాడు. ప్రార్థనలో సగం ఆ కూర్చోవడమే కదా!

ఉపదేశం చెయ్యదలుచుకున్నవాడికి మూడు నిమిషాల పాట చాలు. వేచి వుండటం ఎలాగో చూపించాలంటే మాత్రం ఇంటర్లూడ్ కావాలి. అందుకే వీళ్ల విశ్వాసానికి ప్రోగ్రెసివ్ రాక్ చొక్కా కాదు, చర్మం.

ఈ ఓపికకి వాళ్లు ఖరీదు కూడా కట్టారు. 1990లలో ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఫ్యాషన్ పోయిన సరుకు. కుర్రకారు వేరే దారి పట్టారు. చూడబోతే చర్చిలో అందరూ గొంతు కలిపి పాడుకోడానికి ఇవి మరీ పొడుగు. రాక్ దుకాణంలో పెడదామంటే మరీ భక్తి. ‘ఇది ఏ అరలో సర్దాలి?’ అని కొట్టువాడు తల గోక్కునే సరుకు. ఒక పాట చిన్నది చేసి, పల్లవి ముందుకి జరిపి, పేరు తెచ్చుకునే దారి వాళ్లకీ తెలుసు. ఆ దారిని తమ అసలు దారిగా చేసుకోలేదు. తరువాత్తరువాత ‘ఓపెన్ స్కై’ పేరుతో సొంత లేబుల్ పెట్టుకుని, తమ శ్రోతలని తామే చూసుకున్నారు. 2006లో ‘ది సర్క్లింగ్ అవర్’, 2011లో రెండు డిస్కుల ‘అనదర్ రెల్మ్’ వచ్చాయి. పెద్ద వేదిక దొరకలేదనుకోకండి. 1999లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో ఆల్ సోల్స్ ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన కచేరీ ‘వోవెన్ కార్డ్’ పేరుతో రికార్డయింది. అంత పెద్ద వాద్యబృందం మధ్య పైప్స్ ఒక్కటీ లేచినప్పుడు నా వొళ్లు గగుర్పొడిచింది.

మెచ్చుకోళ్లే కాదు...

పొగడ్తలు చాలించి లోపాలు కూడా చెప్పుకుందాం. లేకపోతే మీరు నన్ను నమ్మరు. మొదటి ఆల్బముల్లో కీబోర్డు చప్పుడు ఇప్పుడు వింటే కాస్త మెరుపు కాగితం చుట్టినట్టుంటుంది. 1980ల చివరి రికార్డింగులన్నిటికీ వున్న జబ్బే అది. కొన్నిచోట్ల పాట ముగింపు ఎప్పుడూ ఆకాశంలోకే ఎగరాలన్నట్టు వుంటుంది. ఒక్కోసారి నేల మీద ఆగితే బాగుండుననిపిస్తుంది. ఇక కెల్టిక్ క్రైస్తవం అంటూ ఆ పాత సన్యాసులని పువ్వుల్లో పెట్టి చూపించడం సరికాదనే చరిత్రకారులు వున్నారు. వాళ్ల మాటా నిజమే. ఆ సన్యాసుల బతుకు కఠినం. ఉపవాసాలు, చన్నీళ్లు, శిక్షలు. రాగం వెనక ఆ చలి ఎప్పుడూ వినబడదు.

వీళ్లు అసలు కెల్టులేనా అన్న ప్రశ్న కూడా వుంది. పాడేది ఉత్తర ఐర్లండ్ మనిషి. గిటారు ఇంగ్లండ్ మనిషిది. డ్రమ్స్, వయొలిన్ రెండూ వాయించే ఫ్రాంక్ వాన్ ఎసెన్ హాలండ్ మనిషి. పైప్స్ వాయించిన ట్రాయ్ డొనాక్లీ కూడా ఇంగ్లీషువాడే. కొన్నాళ్లు బేస్ వాయించిన నిక్ బెగ్స్ అయితే 1983లో ‘టూ షై’ పాటతో ఇంగ్లండ్‌ని వూపేసిన ‘కాజగూగూ’ బృందం కుర్రాడు! ఇలాంటి కలగూరగంపకి కెల్టిక్ ముద్ర చెల్లుతుందా? నా లెక్క వేరు. తెలుగు రానివాళ్లు తెలుగులో ఎన్ని మంచి పాటలు పాడలేదు? పుట్టుక అడ్రసు చెబుతుంది. పాట మాత్రం చేసిన సాధన చెబుతుంది. డొనాక్లీ పైప్స్ పట్టుకున్నప్పుడు ఏ ఐరిష్‌వాడూ ఆయన్ని పాస్‌పోర్టు అడగడు.

ఇప్పుడెక్కడున్నారు?

2016లో బృందం విడిపోయింది. తగువులూ కోర్టులూ లేవు. మనుషులు ఎటువాళ్లు అటు పని చేసుకుంటున్నారు. డొనాక్లీ అంతకు ముందే ఫిన్లండ్‌కి చెందిన ‘నైట్‌విష్’ అనే మెటల్ బృందంలోకి వెళ్లి, 2013లో పూర్తి సభ్యుడయ్యాడు. వేలాదిమంది కుర్రకారు తలలూపే ఆ కచేరీల్లో కూడా అదే పైప్స్! బెయిన్‌బ్రిడ్జ్ 2015లో ‘స్ట్రాబ్స్’ అనే పాత బృందంలో చేరాడు. సొంత ఆల్బములూ చేశాడు. జోన్ హాగ్ గొంతు ఇంకో విచిత్రమైన చోట కూడా వినిపిస్తుంది. 1998లో వచ్చిన ‘జెనోగేర్స్’ అనే జపాన్ వీడియో గేమ్ చివరి పాట ఆవిడదే. గేమ్ ఆడి అలిసిపోయిన పిల్లలు ఆ పాట దగ్గర చేతిలోది కింద పెట్టి వినేవారంటే నేను నమ్ముతాను.

కొత్తగా వినాలనుకునేవాళ్లకి నా సలహా ఒకటుంది. పొడుగు రచనలతో మొదలెట్టకండి. ముందు ‘ఐరిష్ డే’ వినండి, కాలు దానంతటదే ఆడుతుంది. తరువాత ‘ట్రెజర్’ వినండి, జోన్ హాగ్ గొంతు పరిచయమవుతుంది. అవి నచ్చితే ఒక రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో సందడి తగ్గాక, ‘ది బుక్ ఆఫ్ కెల్స్’ మొదట్నుంచి చివరిదాకా పెట్టుకోండి. మధ్యలో ఫోను చూడకూడదు. పల్లవి ఎప్పుడొస్తుందని అడక్కూడదు. కెల్స్ పుస్తకం పేజీల బొమ్మలు ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు గనక, అక్షరాల పేజీ ఎదురుగా పెట్టుకుంటే మరీ మంచిది. పాట నడుస్తూ వుంటే ఆ తీగల్లో దారి వెతుక్కుంటూ పొండి. కింద మూల పిల్లి కనిపించేసరికి మీకు కూడా నవ్వొస్తుంది.